మెదక్ గుడి ఎవరి కష్టం?

డిసెంబర్ నెల పడ్డదంటే మా ఊరి రోడ్డుకు నిద్ర ఉండదు. పట్నం నుంచి కార్లు, బస్సులు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలు, ట్రాక్టర్లు, కాలినడకన ముసలీ ముతకా, పిల్లా జెల్లా. అందరిదీ ఒకటే దారి, మెదక్ గుడి. మా ఊరు గుడికి పది కిలోమీటర్లు. మంచు విడిచినంక చెరువు కట్ట మీద నిలబడితే శిఖరం కొస కనబడుతుంది. బర్లు తోలుకుపోతూ, యాసంగి నారు పీకుతూ మా వాడ వాళ్లు ఏటా చూసేదే. పట్నపోళ్లు వంద కిలోమీటర్లు వచ్చి చూసే వింత మాకు పొద్దున్నే ఎదురొచ్చే ఇంటి మనిషి లాంటిది.

ముందే ఒక మాట చెప్తాను. క్రిస్మస్ సంబరం వద్దని చెప్పడానికి నేను కలం పట్టలేదు. కూలి చేసుకునే వాడికి ఏడాదికి నాలుగు రోజుల సంతోషం దొరికితే, అది కూడా తప్పేనని నీతులు చెప్పే మేధావులను చాలా మందిని చూశాను. నేను ఆ జాతికి చెందను.

నా చిన్నతనంలో మా వాడలో రెండిళ్లకే ఎడ్లు ఉండేవి. ఇరవై నాలుగో తారీఖు రాత్రి ఆ రెండు బండ్లే వాడంతటినీ మోసేవి. బండిలో వరిగడ్డి, గడ్డి మీద గొంగడి, గొంగట్లో పిల్లలం. పెద్దోళ్లు బండి వెనక నడిచేది. సద్దిమూటలో జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు. తెల్లారకముందే గుడి ముందర దిగితే చలికి పళ్లు టకటక కొట్టుకునేవి. లోపలి నుంచి పాట వినబడేది. పొద్దెక్కినంక మా అవ్వ చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి కూర వండేది. అప్పటిదాకా మాకు కొత్త అంగీ, బూర, జిలేబీ, రంగులరాట్నం. అన్నిటికీ కలిపి నాయిన చేతిలో ఇరవై రూపాయలు. ఆ ఇరవై రూపాయలకు మాకు లోకమంతా దొరికేది.

ఇప్పటికీ ఆ జాతర జాతరే. కిరస్తానీలే కాదు, హిందువులు వస్తారు, తురకోళ్లు వస్తారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు, మొక్కులు చెల్లిస్తారు. పశువుల పాక బొమ్మల ముందు పిల్లలను ఎత్తుకుని చూపిస్తారు.

పక్కన ఉండే వాళ్లకు తెలిసిన గుట్టు ఒకటుంది. దూరం నుంచి వచ్చే వాళ్ల కోసం చెప్తాను. ఆ గుడిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఒక దాంట్లో యేసు పుట్టుక, ఒక దాంట్లో సిలువ, ఇంకో దాంట్లో పైకి ఆరోహణం. బయట ఎండ ఉంటేనే లోపలి బొమ్మకు ప్రాణం. పొద్దు గూకినంక పోతే ఆ అద్దాలు నల్ల రేకుల్లాగే ఉంటాయి. రాత్రి లైట్ల తోరణాలు చూసి, సెల్‌ఫోన్లో ఫోటో దిగి వెళ్లిపోయే వాళ్లు సగం గుడినే చూసినట్టు. పగటి పూట పోండి. తీరిక ఉంటే జన సందడి తగ్గినంక, జనవరిలో ఒక పొద్దున పోండి. నేల మీద ఆరు రంగుల పలకలున్నాయి, చెప్పులు విడిచి వాటి మీద నడవండి. మనసు నిండుతుంది.

ఇంత చెప్తున్న నేను, పక్కనే ఉండి కూడా, పండుగ నాడు ఆ అద్దాల కింద నిలబడి చాలా ఏండ్లయింది. నౌకరీ వచ్చిన నాటి నుంచి ఒక్క క్రిస్మస్‌కు కూడా లోపలికి పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

కట్టడం, కట్టించడం

నేను బడిలో తెలుగు చెప్తాను. ఏటా పిల్లలను మెదక్ తీసుకుపోయి ఖిల్లా, గుడి చూపిస్తాను. తిరిగి వచ్చినంక ప్రశ్నలు రాయిస్తాను. "మెదక్ చర్చిని ఎవరు కట్టారు?" పిల్లలు రాస్తారు: "చార్లెస్ వాకర్ పాస్నెట్." నేను ఎర్ర పెన్నుతో రైట్ టిక్కు పెడతాను. ఏండ్ల తరబడి పెట్టాను.

ఒక ఏడు ఒక పిలగాడు ఆ జవాబును ఇంట్లో గట్టిగా చదువుకున్నాడట. తెల్లారి వాళ్ల నాయనమ్మ బడికి వచ్చింది. డెబ్బై ఏండ్లు దాటిన మనిషి. గేటు దగ్గరే నిలబడి అడిగింది:

"సారూ, రాళ్లన్నీ ఆ దొర ఒక్కడే మోసిండా?"

"లేదవ్వా, ఆయన కట్టించిండు."

"మరి కట్టిండని రాపిస్తివేంది? మా మామ వాళ్ల నాయిన గంపలు మోసి మోసి నడినెత్తిన బట్టతల పడ్డదట. సచ్చేదాకా ఎంటిక మొలవలేదట. ఆయన పేరేడ రాసిర్రు?"

నేను తెలుగు పంతులును. 'కట్టు' అంటే ఏమిటో, 'కట్టించు' అంటే ఏమిటో, ప్రేరణార్థకం ఎలా అవుతుందో పిల్లలకు నల్లబల్ల మీద రాసి చెప్పేవాణ్ని. బడి మెట్టు ఎక్కని ముసలమ్మ నాకు ఆ వ్యాకరణం నేర్పింది. తాజ్‌మహల్ షాజహాన్ కట్టాడు, చార్మినార్ కులీ కుతుబ్‌షా కట్టాడు, మెదక్ గుడి పాస్నెట్ కట్టాడు. మన చరిత్ర పుస్తకాలన్నీ ఈ ఒక్క తప్పు మీదనే నడుస్తున్నాయి. కట్టించిన వాడే కట్టినవాడు అవుతాడు. కట్టిన వాడు మాయమవుతాడు.

లెక్క చూద్దాం

మెదక్ గుడి పని 1914లో మొదలైంది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పదేండ్ల పని. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. శిఖరం ఎత్తు 175 అడుగులు. అయిదు వేల మంది ఒక్కసారి కూర్చోవచ్చంటారు. ఖర్చు 14 లక్షల రూపాయలని రాస్తారు. కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందిన పాస్నెట్. నేల పలకలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. వాటిని పరిచిన మేస్త్రీలు ఇటలీ వాళ్లు. కిటికీల బొమ్మలు ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్లేయ చిత్రకారుడివి.

చూశారా? పలక ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. పలక పరిచిన వాడి దేశం తెలుసు. అద్దం మీద బొమ్మ గీసిన వాడి పేరు తెలుసు. రాయి కొట్టిన వాడు, గంప ఎత్తిన ఆమె, పునాది తవ్విన వాడు, నీళ్లు మోసిన పిల్ల, వీళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే మాట: "కరువులో ఉన్న పేదలు". పేరు లేదు, ఊరు లేదు, వాడ లేదు. పత్రికలు క్రిస్మస్ ముందు రోజు ప్రత్యేక పేజీలు వేస్తాయి. "కరువు కాలంలో పేదలకు అన్నం పెట్టిన గుడి" అని రాస్తాయి. ఏండ్ల తరబడి రాళ్లు మోయించుకుని ఇచ్చిన గింజలను అన్నం పెట్టడం అంటారా, కూలి ఇవ్వడం అంటారా?

పాస్నెట్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నిజాం రాజ్యంలో, జాగీర్ల కింద, దేశ్‌ముఖుల కింద మన తాతలు వెట్టి చేసిన కాలం అది. దొర గడీకి రాయి మోస్తే కూలి లేదు, తిట్లే కూలి. చచ్చిన గొడ్డును ఈడ్చితే కూలి లేదు. డప్పు కొడితే కూలి లేదు. కబురు మోస్తే కూలి లేదు. అలాంటి చోట ఒక తెల్లవాడు వచ్చి, పని చేస్తే గింజలు కొలిచి ఇచ్చాడు. పేరు పెట్టి పిలిచాడు. పిల్లలను బడిలో కూర్చోబెట్టాడు, జబ్బు చేస్తే దవాఖానలో ముట్టుకుని చూశాడు. ఆ రుణం మనం మర్చిపోలేదు. పోనీ, మన రుణం ఎవరికి గుర్తుంది? 2024 డిసెంబర్ 25కు గుడికి నూరేండ్లు నిండాయి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా ఆ రోజు మెదక్ వచ్చారు. మా వాడకు మాత్రం, మీ తాతల్లో ఎవరెవరు గంపలు మోశారో చెప్పండి, రాసుకుంటాం అని కాగితం పట్టుకుని వచ్చిన మనిషి ఒక్కడు లేడు. నేనూ రాసుకోలేదు. చదువుకున్న వాణ్ని, పక్కనే ఉన్న వాణ్ని, ఆ తప్పు ముందు నాదే.

గింజలకు అమ్ముడుపోయింది ఎవరు?

ఇక్కడొక తిట్టు గురించి మాట్లాడుకోవాలి. "బియ్యం బస్తాలకు మతం మారిన గాళ్లు." ఈమధ్య ఈ తిట్టు సెల్‌ఫోన్లలో మళ్లీ మళ్లీ తిరుగుతున్నది. మా బడి పిల్లల నోట కూడా విన్నాను.

ఆ మాట అనే వాళ్లను అడుగుతున్నాను. గింజలు ఊరికే ఇచ్చారా? రాళ్లు మోస్తే ఇచ్చారు. ఆ రాళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, వచ్చి లెక్కపెట్టుకోండి. మన వాళ్లు గింజలకు అమ్ముడుపోలేదు, కష్టం చేసి కూలి తీసుకున్నారు. మరి ఆ కరువులో ఊరి గడీల్లో గాదెలు ఖాళీగా ఉన్నాయా? ఊరి గుళ్లకు మాన్యాలు లేవా? ఏ పూజారి తన దోసిలితో మాదిగవాడకు గింజలు కొలిచాడు? మీ గుడి గడప తొక్కనివ్వరు, మీ బావిలో చేద వేయనివ్వరు, మీ గాదె తెరవరు. ఎవడో వచ్చి కూలి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటే "మతం మార్చాడు" అంటారు. మనిషిని మనిషిగా చూడని మతాన్ని విడిచిపెట్టడం అమ్ముడుపోవడం కాదు. అంబేద్కర్ 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాడు. 1956లో నాగపూర్‌లో లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నాడు. ఆయనకు ఎవరు బస్తాలిచ్చారు?

మా వాడ ముసలోళ్లు ఈ సంగతి మా అందరికన్నా బాగా చెప్తారు. "గడీల వంగి నిలబడ్డం బిడ్డా, గుడిల మోకాళ్ల మీద కూసున్నం. వంగుడు వేరు, మోకరించుడు వేరు."

పండుగ పక్కనే సర్టిఫికెట్

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా చిన్నాయన కొడుకు ఒకడు కులం సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. మా ఇద్దరికీ తాత ఒకడే, వాడ ఒకటే, తాగిన బావి ఒకటే. విచారణకు గిర్దావర్ వచ్చాడు. గోడ మీద యేసు పటం చూశాడు. పేరు చూశాడు, బైబిలు పేరు. తర్వాత నవ్వుకుంటూ అడిగాడు: "క్రిస్మస్‌కు యాడికి పోతరు?"

చిన్నమ్మకు సంతోషమైంది. సారు పండుగ ముచ్చట అడుగుతున్నాడనుకుంది. "మెదక్ గుడికి సారూ! ఏటా పోతం. ఒక్క ఏడు తప్పలేదు," అన్నది. చాయ్ కూడా పోసింది.

కాగితం మీద బీసీ-సి అని వచ్చింది. అంటే ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారిన వాళ్లందరికీ కలిపి ఒక్క శాతం. మా తమ్ముడికి ఆ ఏడు సీటు పోయింది. చిన్నమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది, "నా నోరే నా కొడుకు నోట్లె మన్ను గొట్టింది" అని. పండుగకు పోతామని చెప్పడం ఒక తల్లి చేసిన నేరమైంది.

ఇక నా సంగతి. నాకు బాప్తిస్మం లేదు. నా కాగితంలో హిందూ మాదిగ అని ఉంది. మా అవ్వ మాత్రం బాప్తిస్మం తీసుకున్న మనిషి. నేను నౌకరీలో చేరిన కొత్తలో ఒకాయన నెమ్మదిగా చెవిలో చెప్పాడు: "గుడికాడ ఎవరన్న ఫోటో తీస్తే పిటిషన్ పెడ్తరు, జర జాగ్రత్త." అంతే, అది నా గుండెలో దిగబడ్డది. ఏటా అవ్వను బండి మీద తీసుకుపోతాను. మెట్ల దగ్గర దింపుతాను. ఆమె లోపలికి పోతుంది. నేను బయట చెట్టు కింద నిలబడి బజ్జీలు తింటాను. పిల్లలకు బూరలు కొంటాను. జాతరకు వచ్చిన వాడిలాగా నటిస్తాను. మా ముత్తాత రాయి మోసిన గుడి ముందు నేను బయటివాడిలాగా నిలబడతాను.

అదే పూట మా ఊరి రెడ్డిగారి కొడుకు కారు దిగి లోపలికి పోతాడు. కొవ్వొత్తి వెలిగిస్తాడు, మొక్కుకుంటాడు, ఫోటో తీసి లోకానికంతా పంపుతాడు. వాడి కులం పోయిందా? కోమటాయన వస్తాడు. ఆయన కులం పోయిందా? అంతదాకా ఎందుకు, గుంటూరు వైపు తరాల నుంచి క్రైస్తవంలో ఉన్న రెడ్లున్నారు, కమ్మలున్నారు. వాళ్ల పేరు చివర రెడ్డి పోలేదు, చౌదరి పోలేదు. భూములు పోలేదు. సంబంధాలు కులంలోనే కలుపుకుంటారు. మెదక్ గుడి గడప దాటితే కులం పోయేది మాలమాదిగలకు ఒక్కరికే! అది కూడా ఎక్కడ పోతుంది? కాగితం మీద పోతుంది. హోటల్లో గ్లాసు దగ్గర పోదు, కిరాయి ఇంటి దగ్గర పోదు, పెళ్లి సంబంధం దగ్గర పోదు, శ్మశానం దగ్గర పోదు.

మూడో పేరా

ఈ మాయ చేసిందెవరు? రాజ్యాంగం కాదు. రాజ్యాంగం 341వ అధికరణలో షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రపతి ప్రకటిస్తారని ఉంది. మతం మాట అందులో లేదు. 17వ అధికరణ అంటరానితనం రద్దు అన్నది. 25వ అధికరణ నచ్చిన మతం పాటించవచ్చన్నది. కానీ 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఒకటి పెట్టారు. హిందూ మతం కాకుండా వేరే మతం పాటించే వాణ్ని షెడ్యూల్డ్ కులం వాడిగా ఎంచరాదని దాని సారం. 1956లో సిక్కులను కలిపారు. 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. రెండుసార్లు దిద్దిన పేరాను మూడోసారి దిద్దడానికి చెయ్యి రాదా?

మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన ఉండేవాడు. ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం బంకులిస్తే, నువ్వు కిరస్తానీవని ఆయనకు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1985లో కోర్టు ఏమన్నది? మతం మారినంక కూడా కులం కష్టాలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు కావాలన్నది. రోడ్డు పక్కన కూర్చుని పది మంది చెప్పులు కుట్టే వాడి చేతులకన్నా రుజువేం కావాలి?

అదే 1985లో కారంచేడు. 1991లో చుండూరు. ఆ అమరుల్లో క్రైస్తవ కుటుంబాల వాళ్లున్నారు. గొడ్డళ్లు పట్టుకుని తరిమిన వాళ్లు ఆగి బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగారా? నరికే వాడికి మనం మాలమాదిగలమే. కాపాడాల్సిన చట్టం దగ్గరికి పోతే మాత్రం మనం కిరస్తానీలం.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డ్ కులం హోదాకు మతంతో ముడి విప్పాలని సిఫారసు చేసింది. ఆ నివేదికను అటకెక్కించారు. 2022 అక్టోబర్‌లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. గడువు రెండేండ్లన్నారు, అది దాటినంక పొడిగించారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో, క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లా పాస్టరు కేసులో, క్రైస్తవంలోకి మారిన వాడికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. కులం పేరు పెట్టి తిట్టినా, కొట్టినా, నీకు కులం లేదు పో అన్నట్టే.

మోసం అంటున్నారు. ఎవరిది మోసం? మనిషికి రెండు పేర్లు పెట్టుకునే గతి పట్టించింది ఎవరు? బడి రిజిస్టర్లో ఒక పేరు, గుడి రిజిస్టర్లో ఒక పేరు. వారంలో ఆరు రోజులు ఒక మనిషి, ఆదివారం ఇంకో మనిషి. నోట్లో కూడు కావాలంటే దేవుణ్ని దాచుకో, దేవుడు కావాలంటే కూడు విడిచిపెట్టు అని చెప్పే చట్టాన్ని మించిన మతమార్పిడి ముఠా ఏదన్నా ఉందా?

మన ఇంటి చెత్త

ఎదుటి వాణ్ని అడిగినప్పుడు మన ఇల్లు కూడా ఊడ్చుకోవాలి.

"క్రీస్తులో కులం లేదు" అని పాస్టరయ్యలు ప్రసంగం చేస్తారు. వినడానికి తియ్యగా ఉంటుంది. మరి మాల ఇంటి పిల్ల, మాదిగ ఇంటి పిలగాడు పెళ్లంటే అదే పాస్టరయ్య ముఖం ఎందుకు మాడుతుంది? ఎన్ని ఊళ్లలో మాలలకు ఒక గుడి, మాదిగలకు ఒక గుడి లేవు? ఉన్న కులాన్ని లేదని చెప్పడం వల్ల కులం పోదు. పైగా కోర్టులో సర్కారు వకీలుకు పని సులువవుతుంది. "మీ మతంలో కులం లేదని మీ పెద్దలే అంటున్నారు కదా" అంటాడు. మనం చప్పట్లు కొట్టిన ప్రసంగమే మన మీద సాక్ష్యమవుతుంది. పాస్టరయ్యలారా, కులం ఉండకూడదని చెప్పండి. అది మంచి మాట. కులం లేదని మాత్రం చెప్పకండి. అది అబద్ధం.

ఇంకో మాట మన దళిత అన్నలకు. "కిరస్తానీలను ఎస్సీల్లో కలిపితే మా వాటా తగ్గుతది" అని కొందరికి భయం ఉంది. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. పదిహేను శాతం కుండలో ఎంత మంది చెయ్యి పెట్టాలి అనేది ఆకలి ప్రశ్న. కానీ ఆలోచించండి. జనం పెరిగితే కుండ పెంచమని కలిసి అడుగుదాం. కుండ పెంచకుండా, మనలో కొందరిని గుమ్మం బయట నిలబెట్టి, మిగిలిన వాళ్లను కాపలా పెట్టిన వాడి ఎత్తు ఏమిటో గమనించండి. అదే వాడలో, అదే తాత మనవలు, ఒకడు ఎస్సీ, ఒకడు బీసీ-సి. చీల్చింది ఎవరు, చీలింది ఎవరు?

మనం చేయాల్సింది

ఒకటి. మెదక్ చుట్టూ ఉన్న ప్రతి వాడలో, ఆ గుడికి పని చేసిన వాళ్ల పేర్లు రాయండి. నూరేండ్ల కిందటి సంగతి, చూసిన వాళ్లు లేరు. విన్న వాళ్లున్నారు, వాళ్లూ డెబ్బై ఏండ్లు దాటారు. ఇంకో పదేండ్లకు వాళ్లూ ఉండరు. చదువుకునే పిల్లలకు ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఎవరి తాత, ఏ ఊరు, ఏం మోశాడు, ఏం కూలి తీసుకున్నాడు, ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు పాటలు కట్టారు, విన్నది విన్నట్టు రాయించండి. నేను మా వాడ నుంచి మొదలుపెట్టాను, ఇప్పటికి పదకొండు పేర్లు దొరికాయి. అందులో నలుగురు ఆడవాళ్లు.

రెండు. దొరికిన పేర్లతో ఒక రాయి చెక్కించమని అందరం కలిసి అడుగుదాం. గుడి ఆవరణలో చోటిస్తే సంతోషం. లేకపోతే మన వాడలోనే నిలబెట్టుకుందాం. రాయి మోయడం మనకు కొత్త కాదు.

మూడు. 1950 ఉత్తర్వులోని మూడో పేరా తీసివేయాలని ప్రతి గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఓటు కోసం వచ్చిన ప్రతి వాణ్ని ఈ ఒక్క ప్రశ్న అడగండి. క్రిస్మస్‌కు కేకు కోసి ఫోటో దిగి పోయే నాయకుణ్ని కేకు దగ్గరే ఆపి అడగండి: "మూడో పేరా మీద నీ మాటేంది?"

నాలుగు. పండుగకు తలెత్తుకుని పొండి. దొంగల్లాగా పోవద్దు. డప్పులతో పొండి. మన తాతలు గడీల ముందు కొట్టిన డప్పును మన పండుగకు మనం కొట్టుకుందాం. కాగితం భయం ఉన్న వాళ్లను నేను తప్పు పట్టను. పిల్లల సీటు పోతుందని భయపడే తల్లికి ధైర్యం పాఠం చెప్పే అర్హత నాకు లేదు. కానీ భయం ఉన్నదని బయటికి చెప్పుకోవడం మొదలుపెడదాం. ఒక్కొక్కరం దాచుకుంటే అది సిగ్గు. అందరం కలిసి చెప్పుకుంటే అది డిమాండు.

పోయిన నెల మా అవ్వను అడిగాను: "అవ్వా, ఇన్నేండ్లు నేను బయటనే నిలబడ్డ గదా, ఎన్నడన్న బాధైందా?"

ఆమె చాలా సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "బాధెందుకు బిడ్డా. నీ నౌకరీ సల్లగుండాలె అని లోపల్నే మొక్కిన. కానీ పక్కన నీ జాగ ఒకటి ఇడిచిపెట్టి కూసుంటుంటి. ఎవరన్న అడిగితే, నా కొడుకు బండి పెట్టి వస్తుండు అని చెప్తుంటి."

ఈ డిసెంబర్ 25 నాడు నేను ఆ జాగలో కూర్చుంటాను. నాకు బాప్తిస్మం లేదు, పాట వినడానికి బాప్తిస్మం అక్కర్లేదు. మొక్కు తీర్చుకున్న రెడ్డిగారి కొడుకుకు లేని భయం నాకెందుకు? పిటిషన్ పెట్టే వాడు పెట్టుకోనీ. విచారణకు వచ్చిన సారు "క్రిస్మస్‌కు యాడ ఉన్నవ్?" అని అడిగితే చెప్తాను: మా ముత్తాత మోసిన రాళ్ల కింద, మా అవ్వ పక్కన ఉన్నాను సారూ, రాసుకోండి.

బడిలో కూడా ప్రశ్న మార్చాను. "మెదక్ గుడిని ఎవరు కట్టించారు? ఎవరు కట్టారు?" రెండు ప్రశ్నలు, రెండు మార్కులు. రెండో దానికి జవాబు పుస్తకంలో లేదు, ఇంటికి పోయి అడిగి రమ్మన్నాను.

జై భీమ్!

– ఒక తెలుగు పంతులు, మెదక్ జిల్లా